వేలు తెగిన పెట్ట

మా బావ సోంబరుకి తెలియని విషయం ఈ కొండల్లో లేదు. కావాలంటే ఆయన్నే అడగండి, ఆయనే చెబుతాడు. ఆయన మా ఆయన ఫల్గుణకి సొంత అన్న. పెదబయలుకి అవతల, జీపు ఆగే చోటు నుంచి నడక దారిలో పైకి వస్తే మా రెండిళ్లూ ఒకే పెరడు పంచుకుని ఉంటాయి. ఆ పెరట్లో ఎవరు తుమ్మినా కారణం ఆయనే చెప్పాలి. వాన ఎందుకు ఆలస్యమైందో, మిరియాలు ఎందుకు రాలిపోయాయో, మా ఇంట్లో కూర ఎందుకు మాడిందో అన్నీ ఆయనే చెబుతాడు. వీటన్నిటికంటే ఆయనకి పేరు తెచ్చింది కోడిపిల్ల జోస్యం.

గుడ్డు పగిలి ఇంకా తడి ఆరని పిల్లని రెండు కాళ్లూ పట్టి తలకిందులుగా ఎత్తుతాడు. అది మెడ పైకి లేపితే పుంజట. తల వేలాడేస్తే పెట్టట. పక్క ఊళ్లవాళ్లు కూడా తట్టల్లో పిల్లల్ని పెట్టుకుని వచ్చి చూపించుకుంటారు. ఆయన చెప్పినవాటిలో సగం నిజమవుతాయి. అవక చస్తాయా, ఉన్నవే రెండు రకాలైతే! నిజమైన సగం గురించి అందరూ చెప్పుకుంటారు. తప్పిపోయిన సగం నాకు తప్ప ఎవరికీ గుర్తుండదు.

అలాగని నేను మహా తెలిసినదాన్నని కాదు. అంత చిన్న పిల్లని చూసి నేనూ చెప్పలేను. చెప్పలేనని ఒప్పుకుంటాను, అదొక్కటే తేడా. నెలైనా దాటాలి. పెట్టపిల్లకి రెక్కలూ తోకా ముందు వస్తాయి. పుంజుపిల్ల వీపు చాలా రోజులు బోడిగా ఉంటుంది, తర్వాత దాని తురాయి ఎర్రబడుతుంది, కాళ్లు లావెక్కుతాయి. అప్పటికీ అనుమానం తీరకపోతే నేను తువ్వాలు గాల్లోకి విసురుతాను. గద్ద అనుకుని పెట్టపిల్లలు నేలకి కరుచుకుపోతాయి. పుంజుపిల్లలు మెడ నిక్కించి నిలబడి గొణుగుతాయి. ఇదీ ప్రతిసారీ సరిగ్గా ఉండదు. అందుకే కోళ్లు పెంచేవాళ్లెవరైనా రెండు మూడు నెలలు ఆగుతారు. మా బావకి ఆగడం అనేది పుట్టుకతోనే రాలేదు.

పోయిన వానాకాలంలో ఆయనకి వణుకుడు జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు రెండు పూటలు మింగి తగ్గలేదన్నాడు. మంచం మీద నుంచే మా ఊరి తల్లి జాకరమ్మకి పుంజుని మొక్కాడు. మొక్కడం తప్పని నేననను. నేనూ మొక్కుతాను. కాని మొక్కడానికి ఆయన దగ్గర కోడి ఏది? గూటికి తలుపు కట్టు బావా, బావురుపిల్లి తిరుగుతోంది అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. బావురుపిల్లి తన గూటి జోలికి రాదన్నాడు. అది వచ్చి ఒక్కటి కూడా మిగల్చకుండా ఊడ్చుకుపోయింది. అందుకని తమ్ముణ్ణి పంపి నా గంప తెప్పించుకున్నాడు. కొత్తగా పొదిగిన పిల్లల్లో ఒకదాన్ని కాళ్లు పట్టి ఎత్తాడు. అది మెడ లేపింది. పుంజే అని తేల్చేసి దాని కాలి వేలి కొస కత్తిరించాడు.

మా దగ్గర వేలు తెగిన కోడి అమ్మవారిది. దాన్ని సంతకి తీసుకెళ్లకూడదు, ఇంట్లో కొయ్యకూడదు, తాడేసి కట్టకూడదు. అది మొక్కినవాడి ఇంట్లోనో తోడబుట్టినవాడి ఇంట్లోనో పుట్టి పెరిగినదై ఉండాలి. కొన్నది చెల్లదు. చైత్రంలో మేం చేసుకునే ఇటుకల పండగ నాటికి అది కూత కూసే పుంజై ఉండాలి. నేను కాఫీ తోటలో కలుపు తీసి వచ్చేసరికి ఇదంతా అయిపోయింది. పిల్ల ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"నన్నో మాట అడగొద్దేటి?" అన్నాను మా ఆయనతో.

"అన్న పానం మీదకొచ్చింది రత్నా. ఒక్క పిల్లకి ఇంత రాద్ధాంతమేటి?" అన్నాడు ఫల్గుణ.

జ్వరంతో ఉన్న మనిషి మీద ఏం అరుస్తాను? పొదిగించేది మేము, నూకలు వేసేది మేము, గద్ద వస్తే కర్ర పట్టుకుని పరిగెత్తేది మేము. మొక్కడానికి నోరు మాత్రం వాళ్లది. నా పెళ్లైనప్పటి నుంచి ఇదే చూస్తున్నాను. కొన్నాళ్లకి జ్వరం తగ్గింది. మిగిలిన మాత్రలు వాళ్లావిడ అసిరమ్మ గంజిలో కలిపి తాగించిందని నాకు తెలుసు. ఆ సంగతి ఆయనకి తెలియదు.

నెల దాటింది. గంపలో అన్నిటికంటే ముందు రెక్కలు వచ్చింది వేలు తెగినదానికే. తువ్వాలు విసిరితే నేలకి అతుక్కుపోయింది. దాని తోడబుట్టినవి నాలుగు మెడలు నిక్కించి నన్నే తిట్టినట్టు చూశాయి. సరే, ఇంకో నెల ఆగాను. ఆ నాలుగింటి తురాయిలు కుంకుమలా అయ్యాయి. దీనిది గోధుమ గింజంత కూడా లేదు, రంగూ లేదు. అప్పుడు వెళ్లాను.

"బావా, నువ్వు మొక్కింది పెట్టపిల్ల. ఇప్పుడే అమ్మకి సెప్పుకుని ఇంకోదాని వేలు కొయ్యి. పుంజులు నాలుగున్నాయి, నీకు నచ్చింది తీసుకో."

ఆయన చుట్ట నోట్లోంచి తీసి నవ్వాడు.

"నిన్న గాక మొన్నొచ్చిన గుంటవి, నాకు సెప్తావేటి? నా సేత్తో ఎత్తినాను. మెడ లేపినాది. అది పుంజే."

నా పెద్ద కూతురు ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. అయినా ఆయన లెక్కలో నేను నిన్న గాక మొన్న వచ్చిన గుంటనే.

చలికాలంలో మా ఆయన ఆ నాలుగు పుంజుల కాళ్లూ కట్టి సంతకి బయలుదేరాడు. ఒకదాన్ని ఉంచు, రేపు చైత్రంలో పనికొస్తుంది అన్నాను. పెరటి అవతలి నుంచి ఆయన అన్న గొంతు వచ్చింది. "మొక్కు పుంజుండగా ఇంకోటెందుకురా? కొట్టుకు సత్తాయి." అంతే. అన్న అన్నాక ఫల్గుణకి ఇంక పెళ్లాం మాట చెవికెక్కదు. నాలుగూ వెళ్లిపోయాయి.

సంక్రాంతి పోయి కొన్నాళ్లైంది. చూరు కింద నేను కట్టిన గడ్డి తట్టలో వేలు తెగినది కూర్చుని ఉంది. కాసేపు చూశాను. లేచి ఊరంతా వినబడేలా అరిచింది. కింద గుడ్డు, ఇంకా వెచ్చగా. పరిగెత్తుకెళ్లి అసిరమ్మని లాక్కొచ్చాను. నేను ఆమెని అప్పా అని పిలుస్తాను. ఆ ఇంట్లో ఆమె గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. అప్ప గుడ్డు చూసి, పెట్టని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది. మొగుడు గుమ్మంలోకి రాగానే ఆ నవ్వు మింగేసింది. నవ్వడానికి కూడా ఆమెకి అనుమతి కావాలి!

"బావా, ఇప్పుడేటంటావు?" అని గుడ్డు చూపించాను.

"అది ఏరే పెట్టది. ఇది దాని మీద ఊరికే కూకున్నాది."

"నా కళ్లతో సూసినాను!"

"నీ కళ్లకేటి తెలుసు?" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు నేను అన్న మాటలు ఇక్కడ రాయను. మా ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు.

ఇంతవరకూ నాది ఒట్టి ఉక్రోషం. ఒక మొండి మనిషితో వాదించి ఓడిపోయిన మంట. అసలు కోపం తర్వాత వచ్చింది. అది చెప్పాలంటే ముందు పెద్దోడి గురించి చెప్పాలి.

పెద్దోడు నా పుంజు. నల్ల మెడ, ఎర్ర వీపు, తురాయి ఒక పక్క చిరిగి ఉంటుంది. మా కోళ్లు పగలంతా కాఫీ మొక్కల కిందే తిరుగుతాయి. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి కొనల మీద గద్దలు. గద్ద నుంచి పిల్లల్ని కాపాడ్డానికి నేను చేయని పని లేదు. కంప నరికి అక్కడక్కడా కుప్పలు వేశాను, పిల్లలు దూరడానికి. పాత సీడీలు తాళ్లకి వేలాడదీశాను. మొదట్లో ఆ మెరుపుకి గద్ద దూరంగా ఉంది, తర్వాత వాటి పక్క కొమ్మ మీదే వాలి ఈకలు దువ్వుకుంది. ఎవరో చెప్పారని పిల్లలకి గులాబీ రంగు పూశాను. గులాబీ రంగు పిల్లల్ని కూడా ఎత్తుకుపోయింది. పనిచేసింది పెద్దోడు ఒక్కడే. 

వాడు తినేటప్పుడు కూడా ఒక కన్ను ఆకాశం మీదే ఉంచుతాడు. గద్ద నీడ పడితే ఒక్కటే పొడుగాటి కూత. ఆ కూతకి తల్లీ పిల్లలూ కంపల్లోకి మాయం. ముంగిసో పిల్లో నేల మీద వస్తే కూత వేరు, టకటకమని ఆగకుండా. దానికి అన్నీ ఎగిరి కొమ్మలెక్కుతాయి. నేను ఇంట్లో ఉండి ఆ కూత వింటే చాలు, కర్ర పట్టుకోవాలో పైకి చూసి అరవాలో తెలిసిపోతుంది. ఒకసారి గద్ద పిల్ల మీద వాలితే వాడు దాని మీదకి దూకాడు. తురాయి చిరిగింది అప్పుడే. పిల్ల మాత్రం దక్కింది. ఇంకో గుణం ఉంది వాడికి. ఎక్కడ గింజ దొరికినా తను తినడు. ముక్కుతో ఎత్తి కింద వదిలి, కొక్ కొక్ అని పెట్టల్ని పిలుస్తాడు. అవి వచ్చి తిన్నాకే వాడు. మా ఊళ్లో మొగుళ్లెవరికైనా ఈ బుద్ధి ఉంటే చెప్పండి, వెళ్లి దండం పెడతాను.

అలాంటి పుంజుని అడగడానికి వచ్చాడు మా బావ, పండగ దగ్గర పడ్డాక. మళ్లీ జ్వరం తగిలింది. మనిషి చిక్కిపోయాడు. మొక్కు చెల్లించకుండా పోతానేమోనని భయం కళ్లలో కనబడుతోంది. ఆ భయం చూసి నాకు జాలి వేసింది కూడా. నోరు తెరిచాక పోయింది.

"ఆ మొక్కు పుంజుకి దిష్టి తగిలినాది. కూత కుయ్యడం లేదు. అమ్మకి కూసేది కావాల. మీ పెద్దోణ్ణి ఇచ్చీండి. పూజారిని అడిగినాను. రెండిటినీ తీసుకొచ్చి, కూయనిదాన్ని అమ్మకి సూపించి, కూసేదాన్ని ఇత్తే సెల్లుతాదట."

దిష్టి తగిలిందట! కూత కూయదట! రోజు మార్చి రోజు గుడ్డు పెడుతున్న కోడి గురించి అన్న మాటలు ఇవి. 

"అది పెట్ట కాబట్టి కుయ్యదు బావా! నువ్వు తప్పు సూసినావని ఒప్పుకుంటే అయిపోద్ది. దానికి నా పుంజెందుకు సావాలి?"

"పుంజుకి పుంజు. ఏటి తేడా?"

"పెద్దోడు లేకపోతే నా పిల్లలు ఒక్కటి మిగలవు."

"గద్ద కూడా బతకాల గదేటి," అన్నాడు.

"అన్నకి ఏదైనా అయితే ఆ మాట మన మీద పడిపోద్ది రత్నా," అని ఫల్గుణ నా వైపు చూడకుండా వెళ్లి, పెద్దోణ్ణి పట్టుకుని అన్న చేతుల్లో పెట్టాడు. పండగ వరకూ వాడికి పసుపు పూసి వాళ్లింటి స్తంభానికి కట్టి ఉంచారు. వేలు తెగినదాన్ని తాడేసి కట్టకూడదు కాని, పెద్దోడికి ఆ నియమం లేదు కదా.

మర్నాడే గద్ద వచ్చింది. నేను తిరగలి మీద చోళ్లు విసురుతున్నాను. స్తంభం దగ్గర నుంచి పెద్దోడు పొడుగాటి కూత కూశాడు, తాడు కాలికి బిగిసేలా ఎగిరాడు. కాని వాళ్ల గుమ్మంలోంచి వాడికి కనబడేది పెరడు ముక్కే, తోట కనబడదు. వాడు చూసేసరికే ఆలస్యం. తర్వాత రోజూ అదే. తల్లికోళ్లు పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని రోజంతా కంపల్లోనే కూర్చున్నాయి, తిండి లేకుండా. నేను పని మానుకుని కర్రతో తోటలో తిరిగాను. నేను ఈ కొసకి వెళితే అది ఆ కొసన దిగేది. పండగ నాటికి పిల్లల్లో సగానికి సగం పోయాయి. ప్రతిసారీ ఖాళీ గంప తీసుకెళ్లి బావ గుమ్మం ముందు బోర్లించి వచ్చాను. ఆయన చూసి చూడనట్టు చుట్ట కాల్చుకున్నాడు. అప్ప మాత్రం గంపని తిరగేసి పట్టుకుని చాలాసేపు నిలబడేది.

పండగ రోజు పొద్దున్నే జాకరమ్మ రాళ్ల దగ్గరికి ఎక్కాం. చెట్ల కింద గుండ్రంగా రాళ్లు, మధ్యలో పసుపు పూసిన పెద్ద రాయి. మగవాళ్లు లోపల, ఆడవాళ్లం రాళ్లకి బయట, కుండలూ కట్టెలూ మోసుకుని. రాళ్లు దాటి ఆడది లోపలికి వెళ్లకూడదు. నా చేతిలో గంప, గంప కింద వేలు తెగిన పెట్ట. చూపించడానికి తెమ్మన్నారు కదా, నేనే తెచ్చాను. వేరేవాళ్ల చేతికి ఇవ్వబుద్ధి కాలేదు.

పూజారి పోతురాజు ముసలాయన, తొందర లేని మనిషి. అడ్డాకు మీద గుప్పెడు బియ్యం పోసి పెద్దోణ్ణి దాని ముందు దించాడు. కోడి ఆ గింజ మింగితే అమ్మ ఒప్పుకున్నట్టు. మింగకపోతే మూడుసార్లు చూస్తారు. మూడోసారీ మింగకపోతే ఆ కోడి అమ్మకి అక్కర్లేదని అర్థం. మా దగ్గర ఏ మొక్కుకైనా ఇంతే.

పెద్దోడు గింజ ఎత్తాడు. కింద వదిలాడు. "కొక్ కొక్ కొక్" అన్నాడు. చుట్టూ చూశాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ వదిలాడు. అన్ని రోజులు స్తంభానికి కట్టేసి ఉంచారు, ముందు తెల్లటి బియ్యం ఉంది, ఒక్క గింజ మింగలేదు. పెట్టల్ని పిలుస్తున్నాడు.

"మింగలేదు," అన్నాడు పోతురాజు.

"ముట్టినాది గదా," అన్నాడు బావ.

"ముడితే సాలదు సోంబరూ. మింగాల."

రెండోసారీ అంతే. మూడోసారి బావ ఆగలేక ముందుకి వంగి, పెద్దోడి మెడ పట్టి ముక్కుని బియ్యంలోకి అదిమాడు. 

"ఒదులు దాన్ని!" అని అరిచాను. "పెట్టలు తినకుండా వాడు తినడు. నువ్వు ముక్కు నేలకి రాసినా తినడు!"

"ఆడదానివి, అక్కడి నుంచి మాటాడకు!"

నా చేతుల కింద గంప ఊగిపోతోంది. పెద్దోడు పిలిచిన దగ్గర నుంచీ లోపల పెట్ట తలతో గుద్దుతోంది. నేను గంప ఎత్తేశాను. ఎందుకెత్తానో నాకు బాగా తెలుసు. అది పెట్ట అన్న సంగతి అందరి కళ్ల ముందూ తేలిపోవాలని. ఆ కోపంలో అంతకు మించి ఒక్క అడుగు కూడా ముందుకి ఆలోచించలేదు.

అది రాళ్ల మధ్య నుంచి దూరి తిన్నగా అడ్డాకు దగ్గరికి పరిగెత్తి, బియ్యం గబగబా మింగేసింది. పెద్దోడు బావ చేతిలోంచి విడిపించుకుని, ఒక రెక్క నేలకి వాల్చి దాని చుట్టూ తిరిగాడు, పుంజు పెట్ట చుట్టూ తిరిగినట్టే. ఎవరో కుర్రాడు ఆపుకోలేకపోయాడు.

"ఏటి సోంబరు మామా, మీ ఊళ్లో పుంజుకి పుంజే మొగుడేటి?"

రాళ్ల లోపల మగవాళ్లందరూ నవ్వారు. బయట మేమూ నవ్వాం. నేనైతే కళ్లమ్మట నీళ్లు వచ్చేలా నవ్వాను. బావ మొహం నల్లబడింది. ఆ నవ్వు ఎంత పని చేసిందో తర్వాత అర్థమైంది.

పోతురాజు చెయ్యెత్తి నవ్వు ఆపాడు. 

"మొక్కిన కోడే మింగినాది. ఆ పెద్ద పుంజుతో ఇంక పని లేదు. తీసుకెళ్లమ్మా రత్నా." 

నా గుండెల మీద నుంచి బరువు దిగింది. ముసలాయన ఇంకా అయిపోలేదన్నట్టు బావ వైపు తిరిగాడు. 

"సోంబరూ, ఇప్పుడు నీ మాట కావాల. జాకరమ్మ పెట్టని పట్టదు. ఇది పెట్ట అని నీ నోటితో సెప్పు. నాను కొబ్బరికాయ కొట్టి దీన్ని వొదిలేత్తాను, నువ్వు ఏడాది గడువు అడిగి ఇంకో మొక్కు మొక్కుకో. అమ్మ ఏటీ అనదు. పుంజంటావా, అమ్మ ఒప్పుకున్నాది కాబట్టి ఇప్పుడే కొయ్యాల. మొక్కినోడివి నువ్వు. నా మాట సెల్లదు."

ఎంత తేలిక దారి! ఒక్క మాట. అందరికీ తెలిసిన మాట. బియ్యం తిని ముక్కు ఆకుకి తుడుచుకుంటున్న కోడిని చూస్తే మూడేళ్ల పిల్ల కూడా చెప్పే మాట. బావ చుట్టూ నవ్వు ఆపుకుంటున్న మొహాలు చూశాడు. తట్టలో పిల్లలతో ఆయన దగ్గరికి వచ్చే పక్క ఊళ్లవాళ్లు కూడా ఉన్నారు అక్కడ.

నా నవ్వు ఎటు పోయిందో పోయింది. 

"బావా, పెట్ట అని ఒక్క మాట అను," అన్నాను. "నువ్వు తప్పు సూసినావని నానెప్పుడూ ఎత్తను. నీ కాళ్లట్టుకుంటాను బావా." 

అన్నేళ్లలో ఆయన్ని బతిమాలింది అదే మొదలు. మా ఆయన కూడా నోరు విప్పాడు చివరికి. "ఆ మాటేదో అనెయ్యన్నా, పోనీ" అన్నాడు, నసుగుతూ.

సోంబరు మా ఇద్దరి వైపూ చూడలేదు.

"పుంజే," అన్నాడు. 

కత్తి పోతురాజు చేతిలోంచి తనే తీసుకున్నాడు.

నేను కళ్లు మూసుకోలేదు. నా కోడి, నేను పెంచింది, నేను గంప ఎత్తితే పరిగెత్తింది. చూశాను.

మొక్కు కోడిని అక్కడే వండాలి. మగవాళ్లు ఈకలు పీకి, మంట మీద కాల్చి, ఆకు మీద పెట్టి కడుపు కోశారు. కోసిన కుర్రాడి చెయ్యి ఆగిపోయింది. లోపల పచ్చసొనలు, చింతగింజంతవీ ఉసిరికాయంతవీ, గుత్తిగా. వాటి కింద పెంకు కట్టిన గుడ్డు ఒకటి, ఆ రోజు పెట్టాల్సింది. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. బావ దూరంగా రాయి మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు, తనకేం పట్టనట్టు.

అప్పుడు మా అప్ప అసిరమ్మ చేతిలో కుండ కింద పెట్టి రాళ్లు దాటింది. ఎవరో "ఓలమ్మో" అన్నారు. ఆమె ఆగలేదు. ఆకు మీద నుంచి గుడ్డు తీసి, నెత్తురు చీర కొంగుకి తుడిచి, తిన్నగా మొగుడి దగ్గరికి వెళ్లి అతని చేతిలోని చుట్ట లాగి పారేసి అరచేతిలో గుడ్డు పెట్టింది.

"పట్టుకో. ఇదేటో సెప్పు."

"అసిరీ, రాళ్లు దాటీసినావు..."

"దాటినాను. అమ్మకి నాను సెప్పుకుంటాను. ఇదేటో సెప్పు."

"గుడ్డు," అన్నాడు.

"దేని కడుపులోది?"

బావ పూజారి వైపు చూశాడు. పోతురాజు మొహం తిప్పుకున్నాడు. తమ్ముడి వైపు చూశాడు. ఫల్గుణ నేల చూస్తున్నాడు.

"పెట్ట," అన్నాడు గొంతులో.

"ఇనబళ్లేదు."

"పెట్ట!" అని అరిచాడు. గుడ్డు మాత్రం కింద పడకుండా పట్టుకున్నాడు. 

పక్క ఊళ్లవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్ప వెనక్కి వచ్చి తన కుండ ఎత్తుకుంది. పోతురాజు రాళ్ల మీదుగా అందించిన పెద్దోణ్ణి చంకలో పెట్టుకుని, ఆ కూరలో మా ఇంటి వాటా వద్దని ఆయనతో చెప్పి నేను దిగొచ్చేశాను. దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను, ఆయన్నీ తిట్టాను. ఆ మాట కత్తి పట్టుకోక ముందు అని ఉంటే నా పెట్ట ఈ పాటికి గూటికి చేరేది.